అక్షహృదయము

మహాభారతమున అరణ్యపర్వమునందు బృహదశ్వ మహర్షి ధర్మరాజునకు నలోపాఖ్యానము వినిపించెను. అందు కలి ముందుగా నలుని ఆవేశించెను. జూదము పిదప వచ్చెను. పౌరులు వచ్చి వేడినను, దమయంతి కన్నీరు పెట్టినను నలుడు పాచికలు విడువడాయెను.

నేటి బాలుర వీడియో ఆటలన్నియు జూదములు కావు. ఆడు ప్రతి బాలుడును రోగి కాడు. కాని కొందరికి ఆట వశము తప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలుపరచిన రోగవర్గీకరణమున దీనికి మూడు లక్షణములు చెప్పబడినవి: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలిగినను మానలేకుండుట. ఇవి సాధారణముగా 12 నెలలు సాగినచో వ్యాధిగా నెంచుదురు.

ఇట్టి బాలురలో డిప్రెషన్ అను విషాదవ్యాధియు తరచుగా కానవచ్చును. ఇందేది కారణము? ఏది కార్యము? ఇది బీజాంకుర న్యాయము. ఆటవలన నిద్ర చెడి, చెలిమి సన్నగిల్లి మనస్సు క్రుంగవచ్చును. క్రుంగిన మనస్సు మరల ఆటయందే ఆశ్రయము వెదకవచ్చును. కావున ఫోను లాగికొన్నంత మాత్రమున కలి తొలగడు.

ఋతుపర్ణుడు అక్షహృదయమును ఉపదేశింపగనే కలి నలుని వీడెను. తల్లిదండ్రులును ఆట వెనుకనున్న బిడ్డ హృదయమును ముందెరుగవలెను. బిడ్డ దిగులు వారముల తరబడి వీడకున్నను, చావుమాట పలికినను జాగు చేయక వైద్యుని చూపవలెను; ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. అడవిలో విడిచిపోయిన నలుని దమయంతి విడనాడక వెదకించెను. ఇంటివారికి అదియే ధర్మము.