పేర్లు వేరు, కుటుంబం ఒకటే

2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఛత్తీస్‌గఢీలో వంకాయ ‘భాటా’, టమాటా ‘పతాల్’. ఊరు మారితే పేరు మారుతుంది. వంగ శాస్త్రీయ నామం మాత్రం ఎక్కడైనా సొలానమ్ మెలాంజినా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది.

తోట మొక్కలను పండ్లు, కూరగాయలు, పూలు అని విభజించటం మన వాడుకను బట్టి. వృక్షశాస్త్రం ముఖ్యంగా పువ్వును చూస్తుంది. వంగ, టమాటా, మిరప పూలను పక్కపక్కన పెట్టి పరిశీలించండి. ఆకర్షణ పత్రాలు అడుగున కలిసి ఉంటాయి; కేసరాలు వాటికే అంటుకొని ఉంటాయి. ఇవి సొలనేసి కుటుంబ లక్షణాలు. బంగాళాదుంపదీ ఈ కుటుంబమే! (మనం తినేది దాని వేరు కాదు, కాండం.)

ఇది పరీక్ష కోసమే కాదు. పెరట్లో పచ్చగా ఉన్న టమాటా మొక్క ఉన్నట్టుండి వాడిపోయిందనుకోండి. “ఈ మడి టమాటాకు అచ్చిరాలేదు, వంగ నాటుదాం” అనుకుంటాం. కాని వడలు తెగులు కలిగించే రాల్‌స్టోనియా బాక్టీరియా నేలలోనే ఉండి, వంగనూ పట్టుకుంటుంది.

చేసి చూడండి: వాడిన మొక్క కాండాన్ని అడ్డంగా కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని నీటిలో ఆనించండి. పాల వంటి దారం దిగితే ఆ తెగులే. అప్పుడు ఆ మడిలో కొన్నేళ్లు గడ్డి కుటుంబానికి చెందిన మొక్కజొన్న వంటి పైరు వేయాలి.

పాఠ్యాంశ ప్రశ్న: అదే మడిలో మిరప నాటవచ్చా? కారణం రాయండి.