ఇల్లు చక్కబెట్టుకోవడం

మరణం తప్పదని తెలియని మనిషి లేడు. ఆ తెలిసినదాన్ని రోజువారీ నిర్ణయాల్లోకి తెచ్చుకోవడమే కష్టం. మోషే ప్రార్థనగా పేరున్న తొంభయ్యో కీర్తన ఆ కష్టం గురించే మాట్లాడుతుంది. మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అని చెప్పి, ఆ దినాలను లెక్కపెట్టుకోవడం నేర్పమని దేవుణ్ణి వేడుకుంటుంది. లెక్క తెలిస్తే వచ్చేది జ్ఞానమని దాని భావం. ఆయుష్షు పొడిగించమని అందులో ఎక్కడా అడగలేదు.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థానికి ఈ చింతన కొత్త కాదు. అక్కడి గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. జైనుల ఆనవాళ్లూ ఆ కొండల్లో ఉన్నాయి. దేహం నిలవదన్న ఎరుకతో నడతను దిద్దుకున్న సాధకులు ఒకప్పుడు అక్కడ బతికారు. ఉత్తరాంధ్రకు క్రైస్తవ బోధ వాళ్లకు చాలా కాలం తర్వాత వచ్చింది. చావు ఎదుట అది పెట్టే ఆశ కూడా వేరు: మృతులు లేస్తారన్నది. మన్నయిపోయే దేహానికి కూడా దేవుడి దగ్గర లెక్క ఉందంటే, ఆ దేహంతో చేసిన పనికీ, తీర్చిన ఆకలికీ, తుడిచిన కన్నీటికీ విలువ ఉన్నట్టే. మరణాన్ని తలచుకున్న క్రైస్తవుడు పని మానేయకపోవడానికి కారణం ఇదే.

ఈ మాటకు ఉత్తరాంధ్రలోనే గట్టి సాక్ష్యం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. భాష రాదు, వాతావరణం పడదు. తెలుగు నేర్చుకుంటూనే బైబిలును తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ వాళ్లకు తోడయ్యాడు. 1809లో క్రాన్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది డెగ్రాంజెస్ కూడా పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో తెలుగులో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరూ లేరు. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిట్చెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగు చేయగా 1818లో మద్రాసులో అచ్చయింది. తన చేతుల మీదుగా పూర్తి కాదని తెలిసినా మొదలుపెట్టదగ్గ పనులుంటాయి. తర్వాతివాడు అందుకునేలా వాటిని చేసిపెట్టడంలోనే వివేకం కనిపిస్తుంది. ఇక్కడ ఆనందరాయర్ పాత్రను తక్కువ చేయకూడదు. స్థానికుడి నుడికారం లేకుండా ఆ పని ముందుకు కదిలేదే కాదు.

అప్పుడు అచ్చయిన లూకా సువార్తలోనే, పన్నెండో అధ్యాయంలో, ఒక ధనిక రైతు కథ ఉంది. పంట విరగపండింది. ఉన్న కొట్లు చాలవు. వాటిని పడగొట్టి పెద్దవి కట్టిస్తే ఎన్నో ఏళ్లు తిని, తాగి, హాయిగా ఉండొచ్చని లెక్క వేసుకుంటాడు. ఆ రాత్రే అతని ప్రాణం పోతుంది. గాదె నిండుగా ఉండటమే భద్రత అనుకునే పల్లెల్లో ఈ కథకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. కానీ దీన్ని పొదుపు మీద తీర్పుగా చదివితే పొరపాటే. రైతు తప్పు ధాన్యం దాచడంలో లేదు. అతని ఆలోచనలో ఇంకో మనిషి లేడు. ఆదినుంచీ అంతందాకా నా పంట, నా కొట్లు, నా ప్రాణం అనే మాట్లాడతాడు. మరణం గుర్తుండి ఉంటే ఆ ధాన్యం ఎవరికి చేరాలన్న ప్రశ్న వచ్చేది.

ఆ ప్రశ్న ఇంటి వ్యవహారాలకూ వర్తిస్తుంది. హిజ్కియా రాజు జబ్బుపడ్డప్పుడు ఇల్లు చక్కబెట్టుకోమని యెషయా ప్రవక్త చెప్పాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాల్లో సంపాదించే చేతినే తీసుకెళ్లింది. అలాంటి ఇంట్లో పొలం పాస్‌పుస్తకం ఎక్కడుందో, ఎవరికి ఎంత బాకీ ఉందో, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరో భార్యకు తెలియకపోతే దుఃఖం మీద అప్పులవాళ్ల ఒత్తిడి తోడవుతుంది. వీలునామా మాట ఎత్తితేనే అపశకునమనుకోవడం మన ఇళ్లలో మామూలు. విశ్వాసి ఆ భయాన్ని దాటాలి. కాగితాలు సర్దడం, తగవుపడ్డ తమ్ముడి గుమ్మం తొక్కి మాట కలపడం, తీసుకున్న చేబదులు తిరిగి ఇవ్వడం కూడా భక్తిలో భాగాలే. వీటిలో మాట కలపడమే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముందు చేయాల్సింది కూడా. కాగితాలు మనిషి పోయాక కూడా ఎవరో ఒకరు సర్దగలరు. క్షమాపణ మాత్రం బతికున్నవాడే అడగాలి.

విశ్వాసముంటే ఏడవకూడదన్న అపోహ కొన్ని సంఘాల్లో ఇప్పటికీ ఉంది. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. గెత్సేమనే తోటలో తన ముందున్న శ్రమల గిన్నె తప్పిపోతే బాగుండునని ప్రార్థించాడు. సిలువ మీద వేదనలోనూ తల్లిని శిష్యుడికి అప్పగించాడు. భయమూ, దుఃఖమూ, బాధ్యతా ఒకే మనిషిలో కలిసి ఉండగలవని సువార్తలు చూపిస్తాయి. నిరీక్షణ లేనివారిలా దుఃఖించవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడే గాని, దుఃఖించవద్దని రాయలేదు. అందుకే భూస్థాపన అయ్యాక జరిగే ఆదరణ కూడికలో ప్రసంగం కన్నా, ఆ ఇంటివాళ్లను మనసారా ఏడవనిచ్చే నాలుగు నిమిషాలే ఎక్కువ మేలు చేస్తాయి.

ఆయుష్షు పొడవును బట్టి జ్ఞానాన్ని కొలవలేం. క్రాన్‌కు విశాఖలో దొరికింది నాలుగేళ్ల లోపే. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1890 దాకా బతికాడు. తెలుగు రాగతాళాల్లో ఆయన కట్టిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చేరి నేటికీ గుడుల్లో వినిపిస్తున్నాయి. ఒకరికి కొద్దికాలం, ఒకరికి ఎనభై ఏళ్లు పైబడిన బతుకు. ఇద్దరూ తమకు దక్కిన కాలాన్ని తెలుగువాడికి అర్థమయ్యే మాట కోసం ఖర్చుపెట్టారు. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకునే విశ్వాసులు కూర్చున్న చోటే, వచ్చే ఏడాది ఎవరితో సమాధానపడాలో, ఏ పని ఎవరికి నేర్పాలో ఒక కాగితం మీద రాసుకోవచ్చు. రాసినవాటిలో మొదటిదానికి జనవరి మొదటి వారంలోనే పూనుకోవాలి.