మట్టిగోడ అడుగున తడి – వానలకు ముందే చేయవలసిన పనులు



మట్టిమిద్దె మన మెట్ట ప్రాంతములకు తగిన ఇల్లు. ఎండాకాలమున చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండును. ఊరి మట్టితో, ఊరి పనివారితో కట్టుకొనవచ్చును. రాయలసీమలోను, పాలమూరు పల్లెలలోను తాతలు కట్టిన మిద్దెలు నేటికిని నిలిచియున్నవి. అయినను ముసురు పట్టిన రోజులలో రాత్రివేళ గోడ కూలి, నిద్రలో నున్నవారు మరణించిన వార్తలు ఏటేటా వినుచునే యున్నాము. ఇందుకు మట్టిని నిందించి ప్రయోజనము లేదు. గోడలోనికి నీరు ఏ దారిన చేరుచున్నదో ముందుగా కనిపెట్టవలెను.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

బాగుగా ఎండిన పచ్చి ఇటుకలు రెండు తీసికొనుడు. ఒకదానిని నిలిపి, దానిమీద ఒక చెంబెడు నీరు జారవిడువుడు. రెండవదానిని వ్రేలెడు లోతు నీరున్న పళ్లెములో నిలువుగా పెట్టుడు. మొదటిదాని పైపొర కొంత కోసుకొనిపోవును గాని లోపల పొడిగానే యుండును. రెండవదాని అడుగు కొంతసేపటికే కరగిపోవును. పైభాగము పొడిగా నున్నను, నిలుచుటకు ఆధారము లేక ఒరిగిపోవును. మీ ఇంటి గోడకు జరుగునదియు ఇదియే. ముఖమున తగిలిన వాన గోడను గాయపరచును. అడుగున నిలిచిన నీరు గోడను కూల్చును.

కారణమేమి?

గోడమట్టిలో ఇసుక, ఒండ్రు, బంక అను మూడు భాగములుండును. బంక ఎండినప్పుడు ఇసుక రేణువులను జిగురువలె పట్టి యుంచును. నీరు మితిమీరినచో ఆ జిగురే బురద యగును. కాల్చని కుండలో నీరు పోసిన ఏమగునో మీరెరుగుదురు. దీపపు వత్తిలో నూనె పైకి ప్రాకినట్లు, నేలలోని తడి గోడలో పైకి ప్రాకును. ఆ నీటితో వచ్చిన ఉప్పు, నీరు ఆవిరియైన చోట తెల్లగా పేరుకొని మట్టిని పొడిపొడిగా రాల్చును. గోడ అడుగున తెల్లని చారలు కనబడినచో తడి అంతవరకు ఎక్కుచున్నదని తెలిసికొనవలెను.

దీనికి తోడు పైకప్పు బరువు పెరుగును. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిపై మట్టికప్పు నాలుగు సెంటీమీటర్ల వాననీటిని పీల్చినచో 480 కిలోల బరువు హెచ్చును. ఎనుబది కిలోల బస్తాలు ఆరింటిని మిద్దెపైకి ఎక్కించినట్లే. అడుగు మెత్తబడుచున్న వేళనే గోడ ఈ అదనపు బరువును మోయవలసి వచ్చును.

మందమైన గోడలో తడి నడిమికి చేరుటకు కొంత కాలము పట్టును. కావున వాన వెలిసి, ఎండ కాసిన మరునాడు సైతము గోడలు కూలుచుండును. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర, హంద్రీ, కృష్ణా నదుల వరద కర్నూలు పట్టణమును, పరిసర గ్రామములను ముంచినప్పుడు నీటిలో నానిన మట్టిగోడలు అనేకము నేలమట్టమైనవి.

రోహిణి కార్తెలోగా చేయవలసినవి

1. గోడ పొడవునా నేల వెలుపలికి వాలునట్లు మట్టి వేసి దిమ్మిస కొట్టవలెను. నీరు ప్రహరీలోపల నిలువకుండ కాలువ తీయవలెను. స్నానపు నీరు, కుడితితొట్టి, పేడకుప్ప గోడకు దూరముగా ఉంచవలెను.

2. మిద్దెనీరు పోవు తూములు గోడనుండి కనీసము అడుగున్నర వెలుపలికి వచ్చునట్లు చూడవలెను. వాటిలోని చెత్త తీయవలెను. తూము నీరు పడు చోట బండ పరచవలెను.

3. మిద్దెపై గుంటలు, బీటలు పూడ్చి, చౌడుమట్టి పరచి, నీరు తూముల వైపు జారునట్లు సరిచేయవలెను. అయితే ఏటేటా పాతపొర మీద కొత్తపొర వేయుచు పోరాదు, బరువు పెరుగును. వదులైన పాతమట్టిని తీసివేసి ఆ మేరకే వేయవలెను.

4. గోడ అడుగున కోసుకొనిపోయిన చోట వదులు మట్టిని గీకివేసి, తడి చల్లి, ఎర్రమట్టితోను రాతిముక్కలతోను గట్టిగా పూడ్చవలెను. నల్లరేగడి ఒంటిగా పనికిరాదు. అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును.

5. పూతకు ఇసుకపాలు గల ఎర్రమట్టిలో పేడ, తరిగిన వరిగడ్డి కలిపి, తడి ఆరకుండ వారము రోజులు మాగనిచ్చి, త్రొక్కించి మెత్తవలెను.

క్రొత్తగా కట్టువారు నేలకు అడుగున్నర ఎత్తు వరకు రాతికట్టడము చేసి, ఆపైన కడపబండలు పరచి, దానిమీద మట్టిగోడ లేపవలెను. గోడ ఎత్తు మందమునకు ఎనిమిది రెట్లు మించరాదు.

సిమెంటు పూతతో జాగ్రత్త

మట్టిగోడపై సిమెంటు పూత పూసినచో భద్రమని పలువురు తలంతురు. సిమెంటు పూత మట్టిని గట్టిగా అంటదు. సన్నని బీటల గుండా నీరు లోపలికి పోవును. నేలతడి పైకి ప్రాకును. వెలుపలికి ఆరు దారి మాత్రము మూసికొనిపోవును. పైకి గోడ నునుపుగా కనబడుచుండగా లోపల అడుగు మెత్తబడును. మట్టిపూత వాడినచో ఏటేటా చేయి తగులవలసియున్నను, గోడ ఆరును. చెడిన చోటు కంటికి కనబడును.

ప్రమాద సూచనలు

మూలలో క్రొత్త బీట పుట్టుట, గోడ ఉబ్బుట లేక ఒరుగుట, అడుగున బొటనవ్రేలు నొక్కిన దిగుట, తలుపు ఎన్నడును లేనట్లు బిగిసికొనుట, దూలము ఆనిన చోట మట్టి రాలుట – వీటిలో ఏ ఒక్కటి కనబడినను ఆ గదిలో పండుకొనరాదు. పిల్లలను, వృద్ధులను వెంటనే వేరొక చోటికి చేర్చవలెను. పశువులను కొట్టమునుండి విప్పవలెను. సామాను కొరకు మరల లోపలికి పోరాదు. వాన వెలిసినది గదా యని ఆ రాత్రియే తిరిగి రారాదు. గోడ అడుగు ఎండి గట్టిపడిన తరువాత, అనుభవము గల మేస్త్రీ చూచిన పిదపనే ప్రవేశింపవలెను.

హస్త, చిత్త కార్తెల ముసురులో గోడకు చేయగల మరమ్మతు స్వల్పము. నేడు ఎండలో ఒక పూట పారపట్టి ఇంటిచుట్టు నీటిదారి సరిచేయుడు. ఆ పూట పని మీ ఇంటిల్లిపాదికిని రక్ష.