ట్రంకుపెట్టెలో దొరికిన బాయినెట్

ప్రశ్న: వైమానిక దళంలో చేసిన మా తాతయ్య పెట్టెలో బాయినెట్ దొరికింది. అలుగు మీద కిరీటం, '1907', పిడి చివర 'ఏ.ఎం.' ఉన్నాయి. ఇది వైమానిక దళానిదేనా?
– ఒక పాఠకుడు, కొండవీడు

జవాబు: 1907 తయారైన ఏడు కాదండీ, ఆ నమూనా పేరు. దాని కిందే చిన్న అంకెల్లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. భూతద్దంతో చూడండి. అలుగు మీది కిరీటం రాజముద్ర, అది అన్ని దళాలకూ ఒకటే. 'ఏ.ఎం.' మీద కూడా విడిగా కిరీటం ఉంటే బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ గుర్తు అనుకోవచ్చు. ధర కోసం తర్వాత కొట్టిన ముద్రలూ ఉంటాయి. అక్షరాల గాడి లోపల కూడా లోహం చుట్టుపక్కలంత నల్లగా ఉందా చూడండి, మెరుస్తుంటే అనుమానించాల్సిందే. అందుకే దయచేసి చింతపండు, గరుకు కాగితం పెట్టి తోమకండి. పలుచగా నూనె రాసి, తోలు ఒరలోంచి తీసి విడిగా ఉంచండి. తాతయ్యగారి సర్వీసు నంబరు దొరికితే ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసుకు రాయండి. ఆ వివరాలు లేకుండా ముద్ర ఒక్కటే ఆయన కథ చెప్పలేదు.

ఈ నమూనా అలుగు 17 అంగుళాలు. తొమ్మిది అంగుళాలు దాటిన బాయినెట్లు 2016 ఆయుధ నిబంధనల్లో ఉన్నాయి. కాబట్టి అమ్మాలన్నా, ఊరు దాటించాలన్నా ముందు నరసరావుపేటలో ఎస్పీ కార్యాలయాన్ని అడగండి.