టీబీ మాత్రలు, అరికాళ్ల మంటలు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయికి 24 ఏళ్లు. మామూలు మందులకు లొంగని టీబీ అని ఆరు నెలల కోర్సు ఇస్తున్నారు. మూడో నెల నడుస్తోంది. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. కానీ అరికాళ్లు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు మంటలంటున్నాడు. ఆ కోర్సులోని లినెజోలిడ్ మాత్ర ఒంట్లో ప్రొటీన్లు తయారు కానివ్వదట, మానేయమంటున్నారు. ప్రొటీన్ పొడి తాగిస్తే చాలదా? – ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. అలాగని తిమ్మిర్లను ఓర్చుకుని ఊరుకోవద్దు. రేపే మందులిచ్చే కేంద్రానికి తీసుకెళ్లండి.

మీరు విన్నదాంట్లో నిజముంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఏనాడో పెద్ద కణంలో చేరి స్థిరపడిపోయిన బ్యాక్టీరియా సంతతి. వాటికి సొంతంగా 37 జన్యువులున్నాయి. వాటితో తయారయ్యే ప్రొటీన్లు 13. మిగతా వెయ్యికి పైగా ప్రొటీన్లు కేంద్రకం ఆజ్ఞతో బయట తయారై లోపలికి చేరతాయి. ఆ 13 ప్రొటీన్లను అల్లే రైబోజోమ్ నేటికీ బ్యాక్టీరియా పోలికలోనే ఉంది. అందుకే క్షయ క్రిమి రైబోజోమ్‌ను ఆపే లినెజోలిడ్ దీన్నీ కొంత ఆపుతుంది. ఆ పదమూడూ కణానికి శక్తినందించే ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేసే యంత్రాంగంలోవే. శక్తి తగ్గితే వెన్ను నుంచి పాదం దాకా సాగే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. ఎముక మజ్జ మీదా ప్రభావం పడి రక్తం తగ్గవచ్చు.

ఇక ప్రొటీన్ పొడి సంగతి. నేతకు పేరుపడ్డ పొందూరు మీకు దగ్గరే కదా, మగ్గం ఆగితే ఎంత నూలు తెచ్చినా గుడ్డ రాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మందగించింది రైబోజోమ్ అనే మగ్గం; పొడి నూలు లాంటిదే. బరువు పెరగడానికి గుడ్లు, పప్పు, చోడి అంబలి పెట్టండి. తిమ్మిరి మాత్రం వాటితో పోదు. డాక్టర్లు రక్తపరీక్ష, కంటిపరీక్ష చేసి, రోజుకు 600 మిల్లీగ్రాముల మోతాదును 300కు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి, ఒక్కోసారి పూర్తిగా కోలుకోవు. అందుకే ఆలస్యం వద్దంటున్నాను. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా, వాంతులతో ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాత్ర వాడినన్నాళ్లూ ఎండుచేపలు పెట్టకండి; బీపీ ఒక్కసారిగా పెరిగే ప్రమాదముంది.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఈ వయసులో వ్యాయామం చేస్తే మైటోకాండ్రియా బలపడతాయా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జవాబు: బలపడతాయి మాస్టారూ. కండరం పనిచేసినప్పుడు పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రొటీన్ మేల్కొని, మైటోకాండ్రియాకు కావలసిన జన్యువులను కేంద్రకంలో పని చేయిస్తుంది. ఆ ఊపుతో మైటోకాండ్రియా లోపల కూడా ప్రొటీన్ల తయారీ పెరుగుతుంది. 2017లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో 12 వారాలు విడతలు విడతలుగా తీవ్ర వ్యాయామం చేయిస్తే, మైటోకాండ్రియా సామర్థ్యం యువకుల్లో 49 శాతం, 65 దాటినవారిలో 69 శాతం పెరిగింది. మీరు మాత్రం గుండె, బీపీ చూపించుకుని నడకతో మొదలుపెట్టండి. నడుస్తూ మధ్యమధ్య ఒక్కో నిమిషం వేగం పెంచండి.