మాత్రలు వాడుతుండగా గర్భం వస్తే...

భార్య గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. అయినా నెల తప్పింది. పరీక్షలో గర్భమని తేలింది. అప్పుడు కొన్ని ఇళ్ళలో సంతోషానికి బదులు అనుమానం తలెత్తుతుంది. "మాత్రలు వేసుకుంటున్నావు కదా, ఇదెలా వచ్చింది?" అని భర్త నిలదీస్తాడు. అత్తగారి చూపు మారిపోతుంది. ఒక్కోసారి మాట తలాక్ దాకా పోతుంది. కనుక ఈ విషయంలో వైద్యం ఏమంటోందో, ధర్మం ఏమంటోందో మనం తెలుసుకోవాలి.

ఈ మాత్రలు ముఖ్యంగా అండం విడుదల కాకుండా ఆపుతాయి. రోజూ ఒకే వేళకు, ఒక్కటీ మరువకుండా వేసుకుంటే ఏడాదిలో 100 మంది స్త్రీలలో ఒకరికన్నా తక్కువ మందికే గర్భం వస్తుంది. కాని మరుపు మానవ సహజం. అందుకే మామూలు వాడకంలో 100 మందిలో సుమారు ఏడుగురు గర్భవతులవుతున్నారు.

దీనికి కారణాలు అనేకం. మాత్రలు మరిచిపోవడం, కొత్త ప్యాకెట్టు ఆలస్యంగా మొదలుపెట్టడం, మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపే వాంతి కావడం, తీవ్రమైన విరేచనాలు పట్టుకోవడం వాటిలో కొన్ని. క్షయ రోగులకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపీన్ వంటి మందులు కూడా ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. రమజాన్‌లో మాత్రను ఇఫ్తార్ తర్వాతకో, సహరీకో మార్చుకునే సోదరీమణులు రెండు మాత్రల మధ్య 24 గంటలు మించకుండా చూసుకోవాలి.

ఇక ధర్మం మాట. దైవప్రవక్త (స) కాలంలో కొందరు సహచరులు గర్భం రాకుండా 'అజ్ల్' పద్ధతి పాటించేవారు. ఒక వ్యక్తి ఆయన (స) సన్నిధికి వచ్చి, తన దాసి గర్భం దాల్చడం తనకిష్టం లేదన్నాడు. కావాలంటే అజ్ల్ చేసుకోమని, అయితే ఆమెకు రాసిపెట్టి ఉన్నది వచ్చి తీరుతుందని ఆయన (స) చెప్పారు. కొన్నాళ్ళకు అతను తిరిగి వచ్చి ఆమె గర్భవతి అయిందని చెప్పాడు. ఈ సంగతి ముందే చెప్పాను కదా అన్నారాయన (స). హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. గమనించండి, జాగ్రత్త పడటాన్ని ఆయన (స) వారించలేదు. గర్భం వచ్చాక ఆ స్త్రీని శంకించనూ లేదు.

వివాహబంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనన్నది దైవప్రవక్త (స) తీర్పు. అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా 12వ ఆయత్ ఆదేశిస్తోంది. శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేని వారికి నూర్ సూరా 4వ ఆయత్ 80 కొరడా దెబ్బల శిక్ష విధించింది. మాత్రల ప్యాకెట్టు సాక్షి కాదు సోదరులారా!

గర్భమని తేలగానే మాత్రలు ఆపి డాక్టరును సంప్రదించాలి. తెలియక అప్పటిదాకా వేసుకున్న మాత్రల వల్ల బిడ్డకు అవకరం కలుగుతుందని భయపడనక్కరలేదు. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి గాని, రక్తస్రావం గాని ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దుకాణంలో మందు కొని గర్భం పోగొట్టుకునే ప్రయత్నం చేస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

మన ఇళ్ళను అనుమానాల నుండి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.