చెత్తదిబ్బల చెంత నీటిపరీక్ష

కలకత్తా రేవునకు చేరువనున్న వాట్‌గంజ్ పేటవారికి వాకిట నూడ్చిన చెత్త బండి యెక్కినంతనే మఱపునకు వచ్చును. నగరపు చెత్తలో అధికభాగము 19వ శతాబ్దము నుండియు తూర్పుననున్న ధాపాకు చేరుచున్నది. ఆ చెంతనే చేపలచెరువులును, కూరగాయల తోటలును గలవు. ఆ చిత్తడినేలలకు 2002వ సంవత్సరమున రాంసర్ ఒడంబడిక క్రింద గుర్తింపు లభించినది.

వాననీరు దిబ్బలోనికి దిగి, క్రుళ్లిన పదార్థముల సారమును గ్రహించి నల్లని యూటగా వెలువడును. అందు అమ్మోనియా, లవణములు, కొన్నియెడల సీసము వంటి లోహములు నుండును. కాలువలో కలిసిన యూట రంగుచేతను, వాసనచేతను పట్టువడును. భూమిలోనికి దిగినది తేటగానే కనబడవచ్చును. ముప్పంతయు నిందే గలదు.

కావున ఒక్క బావినీటిని ఒక్కమారు పరీక్షించి నిర్ణయించుట తగదు. భూగర్భజలము పాఱు దిశ నెఱిగి, దిబ్బకు ఎగువ నొక గొట్టపుబావిని, దిగువ రెండింటినైనను ఏర్పఱచి, సమానమైన లోతునుండి వర్షములకు ముందును, పిదపను నీరు తీయవలెను. కాలువకును ఎగువ దిగువల నిట్లే చేయవలెను. దిగువనీటిలో క్లోరైడు క్రమముగా హెచ్చుట తొలి హెచ్చరిక. అది మంటి కంటుకొనక నీటితోకూడ నడచును. లోహములు వెనుక వచ్చును.

వంగదేశమున పెక్కుచోట్ల భూగర్భమున ఆర్సెనిక్కు అను పాషాణము సహజముగనే గలదు. ఎగువబావిని చూడక ఆ దోషమును దిబ్బపై మోపుట సరికాదు. చూడక దిబ్బను నిర్దోషి యనుట అంతకంటె ప్రమాదము.

నీటిని కాచినచో క్రిములు నశించును గాని లోహములు తొలగవు. అనుమానము కలిగిన బావికి, పరీక్షాఫలితము వచ్చువఱకు, త్రాగరాదని పలక కట్టవలెను.